తోకుజిరో అమ్మలేకపోయిన ఆటపెట్టె

ఏదీ, ఆ నల్లపెట్టె ఇటు తిప్పు. ఓరినీ, ‘హయాతె’ వీడియోగేమ్ కదూ! ఎక్కడ దొరికిందిరా రియోటా, పాత సామాన్ల సంతలోనా? మా పక్క బొమ్మలకొట్టు తోకుజిరో గుర్తొచ్చాడురా. నువ్వు పుట్టకముందే పోయాడులే. సోయాపాలు విరిచి తోఫూ చేసే ఈ మా కొట్టుకీ, అతని కొట్టుకీ మధ్య ఒకటే గోడ. అతను తుమ్మితే మేం ఉలిక్కిపడేవాళ్ళం. ఏం చెబుతున్నానూ? ఆఁ, పెట్టె. కంపెనీ కుర్రాడొకడు తెచ్చి చూపించాడు. అందులో ఓ ఆట, మంచుకొండల్లో తప్పిపోయిన నక్కపిల్ల తల్లిని వెతుక్కుంటూ పోతుంది. అంతే, మనవాడు దానికి పడిపోయాడు. అప్పటికే ఊళ్ళో పిల్లలందరి దగ్గరా వేరే కంపెనీది, ఎర్రది ఉంది. ఆ ఎర్రవన్నీ వెనక్కి పంపేసి, కొట్టునిండా ఈ నల్లవే పేర్చాడు. వాళ్ళావిడ కినుయో మొత్తుకుంది, “ఏవయ్యా, ఉన్నదంతా దీనిమీదే పోస్తే రేపేం తింటాం?” అని. “నక్కపిల్లని చూశాక కొనకుండా పోయే మనిషి ఉంటాడటే పిచ్చిదానా!” అని ఈయన.

చూడ్డానికేం, చూశారు! కొట్టు ముందు టీవీ పెట్టి సాయంత్రమయ్యేసరికి తనే ఆడేవాడు. వీధంతా అక్కడే. మీ తాత, తన సెలూన్లో గడ్డానికి సబ్బు పూసిన మనిషిని కుర్చీలో వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. నవ్వకు, నిజం! మా ఆయనైతే నూనెలో తోఫూ వేసి వెళ్ళి, బొగ్గులు తీసేవాడు. నక్కపిల్ల ఏట్లో పడినరోజు చేపలకొట్టావిడ ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. కొన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

చూడు దాన్ని, నల్లటి మెరుపు, ముందు రెండు తలుపులు. ఇంట్లో పోయినవాళ్ళకి అగరొత్తులు వెలిగించే పెట్టె ఉండదూ, అచ్చం అదే! బియ్యంకొట్టు ముసలావిడ దాని ముందు చేతులు జోడించి, “ఎవరు పోయారు నాయనా?” అనడిగింది. ఆడవాళ్ళేమో, “టీవీ పక్కన అదా? వద్దు బాబూ, అశుభం.” పిల్లల్ని అడిగితే, “ఆట బ్రహ్మాండం బాబాయ్! మా వాళ్ళందరిదీ ఎర్రదే కదా, ఇది కొంటే క్యాసెట్లు ఎవరితో మార్చుకోను?” తల్లులేమో, “మీరు రోజూ ఊరికే చూపిస్తున్నారుగా!”

కొత్త సంవత్సరం వచ్చింది. పిల్లలు పండగ డబ్బులు పట్టుకుని, నక్కపిల్లకి టాటా చెప్పి, తిన్నగా స్టేషను దగ్గర కొట్టుకి పోయారు, ఎర్రదాని క్యాసెట్లు కొనుక్కోడానికి. అది చూసి కినుయో విసవిసా వచ్చి టీవీ ఆపేసింది. నక్కపిల్ల ఆఖరి కొండెక్కుతోంది అప్పుడు! వీధంతా హాహాకారాలు. “ఆఖరు చూడాలంటే కొనుక్కోండి!” అందావిడ. చివరికి ఏం చేశారనుకున్నావ్? చందాలు వేసుకుని వీధిసంఘం హాలుకి ఒకే ఒక్కటి కొన్నారు. తీరా ఆడటం ఎవరికీ రాదు. మళ్ళీ తోకుజిరోనే పిలిచారు.

ఆడాడు. నక్కపిల్ల తల్లిని కలిసింది. హాలంతా చప్పట్లు. మీ తాత మొహాన తువ్వాలు కప్పుకున్నాడు. అప్పుడు తోకుజిరో వెనక్కి తిరిగి, “బావుందా?” అన్నాడు. “బావుంది, బావుంది” అన్నాం. “మరి ఎందుకు కొనలేదు?”

కోపంగా కాదురా. నిజంగా తెలియకే అడిగాడు. వేసవికల్లా కంపెనీ ఆ పెట్టెలు చెయ్యడమే మానేసింది. కినుయో ఆ కొట్లో ఊలూ గుండీలూ పెట్టి సంసారం నిలబెట్టింది. అతను మాత్రం గుండీల కోసం వచ్చినవాళ్ళని కూడా అదే అడిగేవాడు. ఆఖరి రోజుల్లో ఆస్పత్రికి నేను చూడ్డానికి వెళితే, మంచం మీంచి మళ్ళీ అదే మాట, “హిసానో గారూ, ఆట బావుంది కదా, మరి...”

ఊఁ...

నీకు గట్టి తోఫూ ఇవ్వనా, మెత్తదా?