గైర్హాజరు అన్న మాటను సరిదిద్దిన వైడర్ట్ గారు

1989 అక్టోబరు రెండవ తేదీ, సోమవారం ఉదయం, మోసెల్ నదీతీరపు ద్రాక్షతోటల నడుమ పుట్టి పెరిగిన ఒక యువ న్యాయశాస్త్ర పట్టభద్రుడు లక్సెంబర్గ్‌లో ఉన్న మన బహుదేశ ఉమ్మడి పార్లమెంటు సచివాలయంలో గుమాస్తాగా చేరారు. సభ్యుల హాజరును సరిచూడడం, ఓటింగు ఫలితాలను నమోదు చేయడం ఆయనకు అప్పగించిన పనులు. ఇన్ని దేశాల ప్రతినిధులు ఒకే కప్పు కింద కూర్చునే ఈ సభలో అంతకంటె అల్పమైన పని మరొకటి లేదని అప్పట్లో అందరూ భావించేవారు. ఆ అల్పమైన పనిలోనే ప్రజాస్వామ్యపు ఆయువుపట్టు ఉన్నదని తమ సర్వీసంతటితో నిరూపించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీ అలొయీస్ వైడర్ట్ గారిని గూర్చి ఈ ప్రత్యేక సంచికలో రాసే భాగ్యం నాకు దక్కింది.

నెలనెలా ట్రంకుపెట్టెలు సర్దుకుని, సమావేశాల నిమిత్తం రైన్ తీరానికి తరలివెళ్లే మన సంచార జీవితంలో వారికి ఎన్నడూ రైలు తప్పిపోలేదు, వారు ఎన్నడూ ఒక అంకె తప్పు వేయలేదు. నియమపాలనలో వారి కాఠిన్యం చూసి సహోద్యోగులు వారికి ‘తాళంకప్ప’ అని చాటుగా పేరు పెట్టారు. ఆ పేరు తమకు తెలుసని వారు ఎన్నడూ బయటపెట్టలేదు. 2004లో నేను ల్యూబ్లియానా నుంచి వచ్చి వారి విభాగంలో చేరిన మొదటి వారంలోనే, ఓటింగు ముగిశాక పరుగెత్తుకొచ్చిన ఒక పెద్దమనిషిని జాలిపడి హాజరు జాబితాలో చేర్చబోయాను. వైడర్ట్ గారు నా చేతిలోని కలాన్ని మెల్లగా పక్కకు జరిపారు.

“హ్రిబర్ గారూ, ఆయన మంచివారే, నాకూ ఇష్టమే. కానీ ఆయనొచ్చింది ఓటయ్యాక. ఆయన్ని పంపినవాళ్లకి మనం అబద్ధం చెప్పలేం కదా?”

అంతటి నియమనిష్ఠ కలిగిన వ్యక్తినే ఒక నియమం నిద్రపోనివ్వకుండా చేసిన సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. వర్షాభావంతో అల్లాడుతున్న ద్వీపాలకు తాగునీటి సహాయం అందించే ప్రతిపాదన సభ ముందుకు వచ్చిన రోజది. దాని కోసం రెండేళ్లు శ్రమించిన సైప్రస్ సభ్యురాలు శ్రీమతి దెస్పీనా హాజిసవ్వా గారు నెలలు నిండి నికోసియాలోనే ఉండిపోయారు. ఓట్లు ఇరువైపులా సమానంగా వచ్చాయి. సమానంగా వస్తే ప్రతిపాదన వీగిపోయినట్లే అన్నది మన నిబంధన. వైడర్ట్ గారు ఫలితం నమోదు చేశారు. హాజిసవ్వా గారి పేరుకెదురుగా గైర్హాజరు అని రాశారు. అంతకు మించి రాయడానికి నిబంధనల్లో మరో మాట లేదు.

మర్నాడు మా కార్యాలయంలో ఫోను మోగింది. ఫోను స్పీకరు మీద పెట్టి మాట్లాడడం వారి అలవాటు కనుక ఆ సంభాషణ నేనూ విన్నాను.

“వైడర్ట్ గారూ, నా పేరు దగ్గర ఏమని రాశారు?”

“గైర్హాజరు అనమ్మా.”

“గైర్హాజరా! నిన్న ఆ వేళకి కాన్పు గదిలో నొప్పులు పడుతూ ఉన్నానండీ నేను, సముద్రంలో ఈత కొడుతూ కాదు. సరే, నా సంగతి వదిలెయ్యండి. కుళాయిలో చుక్క నీళ్లు రాక నన్ను ఎన్నుకుని పంపారే, మా వాళ్లు, వాళ్లు కూడా గైర్హాజరేనా?”

వైడర్ట్ గారు హాజరు జాబితా మూసి పక్కన పెట్టారు. “ఆడపిల్లా, మగపిల్లాడా అమ్మా?” అని అడిగారు.

“ఆడపిల్ల. మీ మీద అరుస్తున్నానని ఇదీ అరుస్తోంది, వినండి.”

ఆ రోజు మధ్యాహ్నం వారు భోజనానికి రాలేదు. ఆరుగురే సభ్యులున్న చిన్న దేశానికి ఒక సభ్యురాలు ఓటు వేయలేకపోతే ఆ దేశపు గొంతులో ఆరోవంతు మూగబోతుందనీ, ప్రసవమనే సహజ ధర్మానికి శిక్ష పడుతున్నది తల్లికి కాదు, ఓటర్లకనీ వివరిస్తూ ఒక నివేదిక రాయడానికి కూర్చున్నారు. ప్రసవానికి ముందు ఒక నెల, తరువాత ఆరు నెలలు సభ్యురాలు తన ఓటును మరొక సభ్యుని ద్వారా బహిరంగంగా వేయించుకోవచ్చునన్నది వారి సూచన. (వారి నివేదికలు చాలా పొడవుగా ఉంటాయన్నది మా అందరి ఫిర్యాదు, అది మాత్రం ఒక్క పుటలో ముగిసింది.)

మూడు నెలల తరువాత నిబంధనల సంఘం ఎదుట ఆ సూచన విచారణకు వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి హాజిసవ్వా గారు పసిబిడ్డతో సహా వచ్చారు. మాట్లాడవలసిన వంతు రాగానే ఆమె అటూ ఇటూ చూసి, పక్కనే నిలబడ్డ వైడర్ట్ గారి చేతుల్లో బిడ్డను పెట్టేశారు. బ్రహ్మచారి అయిన మా వైడర్ట్ గారు, సీలు వేసిన బ్యాలెట్ పెట్టెను మోస్తున్నట్లు రెండు చేతులూ చాచి, ఊపిరి బిగబట్టి నిలుచున్నారు.

“ఏమయ్యా వైడర్ట్, మెడ కింద చెయ్యి పెట్టు, మెడ కింద! అది కుర్చీ కాదు,” అన్నారు సంఘాధ్యక్షులు, డచ్ జాతీయులు శ్రీ హెండ్రిక్ ఫాన్ రోయెన్ గారు. సభ ఘొల్లున నవ్వింది. బిడ్డ వారి నల్లకోటు మీద పాలు కక్కింది. ఆ మరక తుడుచుకోకుండానే, బిడ్డను భుజానికి ఆనించుకుని, తమ వంతు రాగానే ముసాయిదాను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదివి వినిపించారు వైడర్ట్ గారు.

నవ్వినంత తేలికగా ఫాన్ రోయెన్ గారు ఒప్పుకోలేదు. “బిడ్డను కనడం ఆమె ఇంటి వ్యవహారం. దానికి సభను వంచమంటే ఎలా?”

“బిడ్డ ఆమె ఇంటిదే అధ్యక్షా. సీటు మాత్రం ఆమె ఇంటి సామాను కాదు. అది ఓటర్లది.”

“బాగానే ఉంది. ఇవాళ బాలింతరాలు, రేపు జలుబు చేసినాయన, ఎల్లుండి ఒడ్డున ఎండ కాగేవాడు! ఎవరూ రాని సభకి నువ్వొక్కడివే హాజరు వేసుకుంటావా?”

ఆ సూచనను సంఘం తిరస్కరించింది. తరువాతి ఎన్నికల్లో ప్రత్యర్థులు హాజిసవ్వా గారి గైర్హాజరు లెక్కలను కరపత్రాలుగా అచ్చువేసి పంచారు. ఆమె ఓడిపోయారు. ఆ వార్త తెలిసిన సాయంకాలం వైడర్ట్ గారు నాతో అన్న మాట ఇది: “నేను రాసింది నిజమే. కానీ నిజమంతా రాయలేదు.”

ఆ తరువాతి కాలంలో వారు విభాగాధిపతి అయ్యారు. పదోన్నతులు, ప్రశంసలు వచ్చాయి. వాటిని గూర్చి చెప్పడానికి వేరే వ్యాసకర్తలున్నారు. కొత్త సభ కొలువుదీరిన ప్రతిసారీ అదే ముసాయిదాను అధ్యక్షులు అడిగిన సందేహాలకు సమాధానాలు చేర్చి, మరింత బిగువుగా తయారుచేసి, మళ్లీ సంఘం ముందు పెట్టేవారు. ఎట్టకేలకు సభ ఆమోదించింది. అయితే సభ్యదేశాలన్నీ సమ్మతించనిదే అది అమలులోకి రాదు. చివరికి ఒక్క దేశం మిగిలింది. వైడర్ట్ గారు సెలవు పెట్టి, రైలెక్కి ఆ రాజధానికి వెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి జాతీయ సభలో ఒక వృద్ధ సభ్యురాలు అంతా విని, ఒక్క ప్రశ్న వేశారు.

“సరే నాయనా, ఓటు ఇంకొకరి చేతికిచ్చింది. ఆ పిల్ల మనసు మార్చుకుంటే? ఆ చేతిలో చిక్కుకుపోయినట్టేనా?”

“లేదమ్మా. ఓటు పడేలోగా ఏ క్షణంలోనైనా వెనక్కి తీసుకోవచ్చు. వేసేది ఎవరైనా, ఓటు ఆమెదే.”

“అది రాశారా, నోటితో అంటున్నారా?”

“రెండో వాక్యంలోనే ఉందమ్మా.”

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రెండో వాక్యం రెండుసార్లు చదివారు. ఆ నెలలోనే ఆ దేశపు సమ్మతి వచ్చింది.

గత వసంతంలో, టాలిన్‌లో ప్రసవించిన ఎస్తోనియా సభ్యురాలు లీసీ పెర్నోయా గారి ఓటును ఆమె సహసభ్యుడు సభలో లేచి నిలబడి వేశారు. ఆమె పేరును పిలిచింది వైడర్ట్ గారే. సభ ముగిశాక ఫాన్ రోయెన్ గారు, ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు, మా బల్ల దగ్గరకు వచ్చారు.

“నాకు ఇప్పటికీ నచ్చలేదయ్యా, తెలుసుకో. కానీ సందు దొరక్కుండా రాశావు. వెతికాను, దొరకలేదు.”

“సందులన్నీ మీరు చూపించినవే కదండీ,” అన్నారు వైడర్ట్ గారు.

ఆ మధ్యాహ్నమే లిమస్సోల్‌లో న్యాయవాద వృత్తిలో ఉన్న హాజిసవ్వా గారికి ఫోను చేశారు. ఆమెకు ఆనాడు అందని న్యాయం ఇంత ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పబోయారు. ఆమె చెప్పనివ్వలేదు.

“ఊరుకోండి వైడర్ట్ గారూ. ఇందాక మా అమ్మాయి వార్తల్లో చూసి అడిగింది, ‘అమ్మా, నేను పుట్టినందుకేనా నీ ఓటు పోయింది?’ అని. పోలేదే, కాస్త ఆలస్యంగా పడింది అన్నాను.”

వారు స్పీకరు కట్టేసి, పెర్నోయా గారి పేరున్న జాబితాను మళ్లీ ముందుకు లాక్కున్నారు. నేను కాఫీ తెచ్చే మిషతో బయటకు వెళ్లాను.

ఆర్యా! మీ తోటలోని ఆల్‌బుఖారా పండ్లతో మీరు స్వయంగా కాల్చి తెచ్చే తీపిరొట్టె లేని సెప్టెంబరు మా విభాగానికి ఎలా గడుస్తుందో తెలియదు. మీకు చక్కని ఆరోగ్యమూ, నిండు ఆయువూ, మోసెల్ ఒడ్డున ప్రశాంతమైన ఉదయాలూ లభించాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను. అయితే పూర్తి విశ్రాంతిని మాత్రం మీకు కోరలేను. వచ్చే నెల నుంచి మీరు మా అధికారి కారు, ఓటరు. ఇన్నాళ్లూ మమ్మల్ని నడిపించిన మీరు ఇకమీదట మమ్మల్ని అడగవలసినవారు. మేము మీకు జవాబు చెప్పవలసినవారము. దీర్ఘకాలం జీవించి, దయచేసి, అడుగుతూనే ఉండండి.

— బ్రెడా హ్రిబర్,
సభా కార్యకలాపాల విభాగం