కనబడకూడని బోర్డు

ఆ కొత్త ఆసుపత్రికి గోడల రంగులూ, దారి చూపే బోర్డులూ అన్నీ ఈ డిజైన్ స్టూడియోవాళ్ళే చేశారు. బోర్డులు రాసే ఆమె, భర్త పోయాక ఇవాళే పనిలోకి వచ్చింది. రంగులు చూసే అతను ఆమె బల్లమీద టీ పెట్టాడు.

“ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండాల్సింది అక్కా.”

“ఉండి ఏం చెయ్యను? ఆ ఆసుపత్రి బోర్డుల ఫైలు తియ్యి. ఒకటి మార్చాలి.”

“అన్నీ బిగించేశాంగా. ఏది?”

“మార్చురీది. ఆరోజు నాకది కనబళ్ళేదు.”

“కావాలనే కదా అలా చేశాం? రోగుల కంటబడకూడదని.”

“అవును. బూడిదరంగు గోడ నీది, దానిమీద బూడిదరంగు అక్షరాలు నావి. భలే కుదిరిందని అందరం చప్పట్లు కూడా కొట్టాం.”

“నువ్వు రాసిన బోర్డే కదక్కా!”

“నేనే రాశాను. దానిముందు నించే రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.”

“టీ తాగక్కా, చల్లారిపోతోంది.”

“ఊఁ.”

“ఎవర్నైనా అడగాల్సింది.”

“అడిగాను. గోడమీద రాసే ఉంది కదమ్మా, కళ్ళు తెరిచి చూసుకోండి అన్నారు.”