భాగ్యరేఖ బొగ్గు

హిందీ మాట్లాడే ఊళ్లో, సెక్టర్ 4 క్వార్టర్లో, ఎమ్‌టెక్ చదువుతున్న భాగ్యరేఖ ఖాళీ స్టీలు డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. తల్లి జోగమ్మ కాల్చిన వంకాయల తొక్క ఒలుస్తోంది.

“సచ్ బోల్ అమ్మా, నిజం చెప్పు. ఇందులో బొగ్గు ఏమయింది?”

“ఏ బొగ్గే?”

“నల్లగా, చిన్న చిన్న ముద్దలు. ఫ్రిజ్ మీద పెట్టాను.”

“ఫ్రిజ్ మీద బొగ్గులెవరైనా పెడతారేటి?”

“అమ్మా!”

“గ్యాస్ అయిపోనాది. మీ నాన్నేమో వంకాయ పచ్చడి, వంకాయ పచ్చడని పొద్దుట్నించీ ఒకటే గోల. అటక మీది బొగ్గుల కుంపటి, ఆ సిగిడీ తీసేను.”

“తీసి?”

“ఈ పచ్చిమిరపకాయలు సరిపోతాయేటి, చూడు.”

“తీసి ఏం చేశావ్?”

“సిగిడీలో ఏటేస్తారే? బొగ్గులే ఏసీసేను.”

“అన్నీనా?”

“వంకాయలు నాలుగున్నాయి మరి.”

“హే భగవాన్! మూడు నెల్లమ్మా! బొగ్గుని కరిగించే మందు, సాల్వెంట్‌లో మరిగించి, వడగట్టి, మళ్లీ మరిగించి, మళ్లీ వడగట్టి...”

“బొగ్గుల్తో చారు కాసేవా?”

“చారే అనుకో. మన బొగ్గులో మూడోవంతు రాయీ మట్టీనే, కాలిస్తే బూడిదయ్యేది అదే. మంచి సరుకు ఆ మందులో కరుగుద్ది, మట్టి కరగదు. వడగట్టేసి, మందు ఆవిరి చేసేస్తే మిగిలేది అసలు బొగ్గు.”

“మంచిదే కదే.”

“మంచిదే! మా గైడ్ మనోజ్‌కుమార్ సార్ నమ్మితే కదా? ‘అంత శుభ్రమైన బొగ్గా? తుమ్హారా రీడింగ్ గలత్ హై’ అని, నా లెక్కే తప్పన్నారు. రేపు ఆయన కళ్ల ముందే కాల్చి చూపిస్తానని ఛాలెంజ్ చేశాను. ఇప్పుడేం కాల్చాలి? నీ వంకాయలా?”

“ఇంకోపాలి కాసుకో.”

“రేపటికా? మూడు నెలలమ్మా, మూడు నెలలు!”

“ఏడవకే... ఏడవకంటే! నా మీద పడతావేటి, తప్పంతా నీ బొగ్గుదైతే? కర్పూరంతో అంటించీసరికి మైనంలాగ కరిగిపోయి భగ్గుమన్నాది. రెండు వంకాయలు మాడిపోనాయి.”

“మాడనీ!”

“ఏటి మాడనీ? రేపు నన్నూ తీసుకెళ్లు మీ సార్ దగ్గరికి. నేనే అడిగీస్తాను.”

“నువ్వేం అడుగుతావ్?”

“ఇత్తడి కుందులు తోముకుందామని సిగిడీ అడుగంతా గీకేను, చిటికెడు బూడిద దొరికితే ఒట్టు! ఇలాటి పనికిమాలిన బొగ్గు నా పిల్ల చేత ఎందుకు చేయించేరని అడిగీస్తాను!”