చిల్లులు పడిన గొట్టం

1984 ఎండాకాలం. పలమనేరు పక్కన ఒక టమోటా తోట. పైకి పీకిన బోరు గొట్టం దగ్గర రైతు కుప్పుస్వామి, భార్య జ్ఞానాంబ, నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసు నుంచి వచ్చిన సారు.

"ఇది రెండో గొట్టం సార్. సూడండి, జల్లెడ మాదిరి అయిపోయినాది."

"ఎవరి మీదన్నా అనుమానమా కుప్పుస్వామీ?"

"అనుమానమేంది సార్! నా తమ్ముడు జయరామే. బోరు నా వంతుకొచ్చినాదని వానికి కడుపుమంట. ఇందులో యాసిడ్ పోసినాడు."

"పోస్తుంటే మీరు సూసినారా?"

"నువ్వుండు జ్ఞానాంబా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంట. సార్, యాసిడ్ అని ఒక్క మాట రాసియ్యండి. రేపే వాణ్ణి స్టేషన్లో పెట్టిస్తా. పైరంతా ఎండిపోతా ఉండాది. అలిసిపోయినా సార్ నేను."

"యాసిడ్ కాదప్పా. లోపల ఈ నల్ల జిగురు వాసన సూడు."

"థూ! కుళ్ళిన కోడిగుడ్డు!"

"బ్యాక్టీరియా. కంటికి ఆనని పురుగులు. గాలి తగలని నీళ్ళల్లో ఇనుముకు అంటుకోని బతుకుతాయి. గొట్టాన్ని గుల్ల చేసింది అవే."

"ఇనుమును పురుగు తినేదేంది సార్? నన్ను ఎర్రోణ్ణి చేస్తాండారా?"

"నేనూ మొదట నమ్మలేదులే. అయితే ఇన్ని పెరగాలంటే వాటికి మేత కావాల. బోరులో ఏమన్నా పోస్తాండారా? బెల్లం నీళ్ళో, పేడో..."

"ఏమీ పొయ్యం సార్."

"సార్, కాఫీ తెస్తా."

"కాఫీ తర్వాతమ్మా. ఏమన్నా పోస్తాండారా?"

"ఏమీ లేదని చెప్తిని గదా సార్! జ్ఞానాంబా, యాడికి పోతాండావు?"

"పాలు."

"ఏం పాలు?"

"శుక్రవారం శుక్రవారం పెద్ద చెంబుడు పాలు గంగమ్మకని బోరులో పోస్తాండా. నీళ్ళు ఎండిపోకూడదని మొక్కుకున్న్యా."

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"వీళ్ళు అన్నదమ్ములు ఏరుపడినప్పటి నుంచి సార్."

"అదే మేత. పాపం, మీరేమో మొక్కుబడి అని పోసినారు. పాలు లోపల కుళ్ళి, పురుగులు బలిసినాయి."

"అయ్యో నా రాత! నడివీధిలో వాణ్ణి చెప్పుతో కొడతానంటినే! వాడు తల దించుకోని పాయ గదా... ఉండు. ఉండు జ్ఞానాంబా. మన ఆవును పోయినేడే అమ్మేస్తిమి గదా. నీకు పాలు ఎవురిస్తాండారు?"

"ఇప్పుడెందుకులే."

"చెప్పు."

"వద్దులేబ్బా, వదిలేయండి."

"చెప్పమంటాండా గదా!"

"మీ తమ్ముడే. 'వదినా, నేనిచ్చినానంటే అన్న పారబోస్తాడు, చెప్పొద్దు. అన్న బోరు చల్లంగుంటే అంతే చాలు' అని, వారం వారం కంచె అవతల చెంబు పెట్టి పోతాడు."