శ్రీరంగం తొవ్వ ఎరుకైనోడు

"మద్రాసుల దిగినంక మనం ఎక్కే రైలు ఆ టేసన్ల ఉండది. ఇంకో టేసన్‌కు పోవాలె. గది ఎరుక లేక మస్తు మంది ఆడనే ఆగమైతరు. నేనైతే ఎవ్వల్ని అడగలే. జట్కా ఎక్కిన, పోయిన, రైల్ల కూసున్న. గంతే."

రాజలింగన్న గట్ల మొదలువెట్టిండు.

పోలీస్ యాక్షన్ అయినంక ఎనిమిదేండ్లకు, మా సుల్తానాబాద్ సాలోళ్ల వాడల జరిగిన ముచ్చట ఇది. మా ఇంటి అరుగు మీద పది మందిమి కూసున్నం. పొద్దు ఇంకా వంగలే. తెల్లారితే మా వాడోళ్లు పదకొండు మంది ఎడ్ల కచ్చరాలు కట్టుకొని పెద్దపల్లికి పోయి రైలెక్కాలె. ముక్కోటి ఏకాదశికి శ్రీరంగం చేరాలె.

అందరికి ఆశ పెట్టింది రాజలింగన్ననే. ఆయన సుత మాలెక్క మగ్గం నేసేటోడే, నాకన్న పదేండ్లు పెద్ద. రెండేండ్ల కింద ఒక్కడే శ్రీరంగం పోతున్ననని పోయి, పక్షం దినాలకు తిరిగొచ్చి ఇంటింటికి కుంకుమ పంచిండు. అప్పటి సంది ఏ అరుగు మీద కూసున్నా గదే కథ. మా దిక్కు దేవుడంటే ధర్మపురి నర్సింహసామి, ఏములాడ రాజన్న. శ్రీరంగం సామి పటం సుత మా వాడల ఎవ్వలింట్ల లేదు. రాజలింగన్న చెప్పిందే మాకు శ్రీరంగం.

నన్ను కన్న మా అవ్వ చంద్రవ్వకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్ల పువ్వు వడ్డది, ఏడాది తిరగకముందే గది సుత పోతదని వైద్యుడు చెప్పిండు. "చూపున్నప్పుడే ఒక్కసారి ఆ సామిని చూడాలె బిడ్డా" అని నా పానం తీసింది. నేను తీస్కపోదమంటే నా పెండ్లాం యాదవ్వకు నెలలు నిండినయి, నొప్పులు ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది. కాన్పు చేయనీకి నాలుగు దినాల కింద మా అత్త శంకరవ్వ మంథని నుంచి వచ్చింది. అయినా నేను ఇల్లిడిచి పోతే ఎట్లని ఆగిన. అవ్వను రాజలింగన్న చేతుల పెట్టి పంపాలనుకున్న.

మొండయ్య మామ పరిస్థితి సుత గంతే. ఆయనకు అరవై దాటినయి. పెండ్లాం సత్తవ్వను తీస్కొని పోతుండు. "రాజలింగూ, ఇగ ఒక్కసారి మొత్తం చెప్పు" అన్నడు. "నిన్నటి సంది మా ముసల్ది ఏడుస్తనే ఉన్నది. ఆడ మన మాట తెల్వదట. మరి ఎట్ల?"

"గదొక ఫికరా మామ?" అన్నడు రాజలింగన్న, కాలు మీద కాలేసుకొని. "బెజవాడ దాటినంక నా పక్కకు ఒక అరవాయన కూసున్నడు. మాట్లాడుకుంట పోతున్నం. గూడూరు వచ్చేసరికి సగం అరవం వచ్చింది, మద్రాసు వచ్చేసరికి మొత్తం వచ్చింది. టేసన్ బయట జట్కావాడు నా మాట విని, మీది కుంభకోణమా అయ్యా అని అడిగిండు."

"ఏదీ, ఒక్క మాట చెప్పు అరవంల."

"చెప్తే నీకు సమజైతదా?"

మొండయ్య మామకు సమజ్ కాదు, నిజమే.

"తిరుచినాపల్లిల ఊరి నడుమ ఒక్కటే రాతి గుట్ట. మన ఎల్గందుల గుట్టను తీస్కపోయి బజార్ల నిలవెట్టినట్టుంటది. లోపట రాతిని తొలిచి మెట్లు చేసిండ్రు, మీద వినాయకుడు. నేను ఎక్కుతుంటే నడిమిట్ల ఒక ముసలామె కూలవడి ఏడుస్తంది. ఎత్తి భుజం మీద కూసోవెట్టుకున్న. అటెన్క ఏమైందో ఎరుకనా? గది చూసి ఇంకో ముసలామె సుత చేతులు చాపింది. కుడి భుజం మీద ఒకామె, ఎడమ భుజం మీద ఒకామె. వెయ్యి మెట్లు. నడుమ ఒక్కసారి సుత ఆగలే."

"మొన్న ఒక్కామెనే అంటివి" అన్నడు మొండయ్య మామ.

"మొన్న రెండో ఆమెను మర్సిపోయిన."

ఒకరిద్దరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. అవ్వ దిక్కు చూసిన. ఆమె చేతికర్రను ఒళ్లె పెట్టుకొని, మొఖం రాజలింగన్న గొంతు దిక్కు తిప్పి కూసున్నది. అడిగే మాట లోపట కూడవెట్టుకుంటందని నాకు ఎరుకైంది.

"రాజలింగూ" అన్నది. "ముక్కోటికి లక్షల మంది వస్తరంటున్నవు. నాకా కండ్లు ఆనయి. నేను తప్పిపోతే ఎట్ల బిడ్డా?"

గా ఒక్క మాట కోసమే నేను సుత పొద్దటి సంది ఎదురుచూస్తున్న.

రాజలింగన్న తలుపులకెల్లి మా మగ్గం దిక్కు చూసిండు. గా చూపు నాకు నచ్చలే.

"చిన్నవ్వా, మనం సాలోళ్లం" అన్నడు. "అది గుడి కాదు, ఊరు. ఏడు గోడలు, ఒక గోడ లోపట ఇంకో గోడ, నడుమ ఇండ్లు, బజార్లు. లోపటికి పోయినోళ్లు మూడు దినాలు తిరిగి బయటికొస్తరు. నేనేం చేసిన? సంచిల నూలు కండెలు ఉంటే, మొదటి దర్వాజ కాడ దారం కట్టి, విప్పుకుంట పోయిన. ఒక్కొక్క గోడ దాటుతుంటే ఎనక మంది దారం పట్టుకుంట వస్తుండ్రు. నలభై మంది. మూడో గోడ కాడ చూస్తే నాలుగు వందల మంది. ఏడో గోడకు లెక్కనే లేదు. అందరు గదే దారం పట్టుకొని సక్కగ బయటికొచ్చిండ్రు."

"దారం నేను ఇడువ బిడ్డా" అన్నది అవ్వ. అని నా దిక్కు తిరిగి, "వెంకటీ, నా మూటల నాలుగు కండెలు పెట్టు. మర్సిపోకు" అన్నది.

కండె మీది నూలు ఎంత గట్టిదో నేసేటోళ్లకు చెప్పాల్నా? గాలి గట్టిగ తగిల్తే తెగుతది. రాజలింగన్నకు సుత ఎరుకే. ఆయన నా కండ్లల్లకు చూడకుంట మొండయ్య మామ దిక్కు తిరిగిండు.

మొండయ్య మామ సుత ఆగలే. "మరి కావేరి? మా ముసల్దానికి మన మానేరుల మోకాలు లోతు నీళ్లు చూస్తనే వణుకు."

"కావేరా? కావేరి సంగతి నన్ను అడుగు మామ." రాజలింగన్న కాలు దించి ముందుకు జరిగిండు. గొంతు పెరిగింది. "నేను పోయింది శ్రావణంల. మీది మెట్టు దాంక నీళ్లు. నడుమ ఒక పడవ, పడవల అరవై మంది, కట్టిన మోకు పటుక్కున తెగింది. గట్టు మీద వెయ్యి మంది నిలవడి చూస్తుండ్రు, ఒక్కడు దిగుతలేడు. నేను నెత్తి రుమాలు ఇప్పిన. మన చేత్తోని నేసిన రుమాలు గది. ఇసిరితే పోయి పడవ కొనకు సుట్టుకున్నది. కొసను పండ్లతోని పట్టుకొని ఎనకకు నడిచిన. పడవ మెల్లగ వస్తంది. అటెన్క ఏమైందో ఎరుకనా?"

ఆయన మా జవాబు కోసం ఆగలే.

"గుడి ఏనుగు. గది సుత నీళ్లల్ల కొట్టుకపోతంది. నోట్ల పడవ ఉన్నదాయె, చేతులు ఖాళీగనే ఉన్నయి. తోక పట్టుకున్న. ఒక దిక్కు అరవై మంది, ఒక దిక్కు ఏనుగు. కాళ్లు మోకాళ్ల దాంక ఇసుకల దిగినయి. గయినా గుంజిన. ఒడ్డుకొచ్చినంక ఏనుగు నా ముందట మోకాళ్ల మీద కూసున్నది. అర్చకులు ఉరికొచ్చిండ్రు. అయ్యా, ఇయ్యాల సామికి దండ మేము వెయ్యం, నువ్వే వెయ్యాలె అన్నరు. ఏనుగు మీదనే ఏడు గోడలు దాటి తీస్కపోయిండ్రు. గర్భగుడి తలుపు తీసిండ్రు. ఒక్క దండ మోయనీకి పన్నెండు మంది. ఇరవై ఒక్క మెట్ల నిచ్చెన తెచ్చి ఆనిచ్చిండ్రు. నేను ఎక్కిన. పైకి పోయేసరికి సామి మొఖం నా మొఖానికి ఎదురుంగ..."

"నిచ్చెన ఎందుకయ్యా?"

మాట తలుపు ఎనక నుంచి వచ్చింది. మా అత్త శంకరవ్వ. వచ్చి నాలుగు దినాలైనా నలుగురున్న కాడ ఆమె నోరు ఇప్పింది లేదు. అల్లుని ముందట కొంగు దించేది కాదు.

"దండ వెయ్యనీకి అత్తమ్మా" అన్నడు రాజలింగన్న.

"ఎక్కడ వేసినవు?"

"సామి మెడల."

"మెడ దాంక పోను నిచ్చెన ఎందుకు?"

"గంత ఎత్తు నిలవడ్డడాయె సామి. రెండు తాటిచెట్లంత ఎత్తు."

అత్త తలుపు ఇవతలికి వచ్చింది. గడప మీద నిలవడ్డది. కోపం లేదు ఆమె గొంతుల, అడిగినదానికి చెప్పినట్టు చెప్పింది.

"శ్రీరంగంల సామి నిలవడడు అయ్యా. పండుకొని ఉంటడు. పాము పడిగె కింద తల పెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడ దాంక పండుకొని ఉంటడు. ముప్పై ఏండ్ల కింద మా మామ, అత్త, నా పెనిమిటి తీస్కపోతే నేను చూసిన. శ్రీరంగం పోయినోళ్లు ఇంకేం మర్సినా గది మర్వరు."

అరుగు మీద పది మందిమున్నం. అందరి చూపు రాజలింగన్న మీదికి మళ్లింది.

రాజలింగన్న పెదవులు కదిలినయి. "నేను పోయినప్పుడు... లేచి నిలవడ్డడు" అన్నడు.

ఒక్కరు సుత నవ్వలే. నవ్వి ఉంటే ఆయనకు జర నయం ఉండేదేమో.

మొండయ్య మామ లేచి నిలవడ్డడు. "నా ముసల్దాన్ని నీ మీద నమ్మకం పెట్టుకొని తోలుకపోతుంటి గదరా. పదకొండు మందిమి. దేశంగాని దేశంల మమ్ముల ఎక్కడ ఇడిసిపెడుదువు?"

నేను లేచిన. రాజలింగన్న రెక్క పట్టి అరుగు కిందికి గుంజాలనిపించింది. అవ్వ అడిగిన నాలుగు కండెలే నా కండ్ల ముందట ఉన్నయి. "ఎక్కడి దాంక పోయినవు?" అని అడిగిన. "నిజం చెప్పు అన్నా. కుంకుమ ఎక్కడిది?"

"మద్రాసు టేసన్ బయట కొన్న" అన్నడు, నేలను చూసుకుంట. "ఆడి దాంక పోయిన వెంకటీ. గదైతే అబద్ధం కాదు. రైలు దిగి బయటికి పోంగనే జట్కావోళ్లు మీదికొచ్చి అరుసుడు మొదలువెట్టిండ్రు. ఒక్క ముక్క సమజ్ కాలే. లోపటికి ఉరికొచ్చిన. మల్ల పొద్దుగాల పోత అనుకున్న, పోలేదు. గట్ల తొమ్మిది దినాలు ఆ టేసన్లనే పండుకున్న. ఉట్టి చేతులతోని తిరిగొస్తే మీరేమంటరో అని సిగ్గైంది. వచ్చినంక మీరు అడిగిండ్రు. ఒకటి చెప్పిన. ఇంకోటి అడిగిండ్రు."

ఆయన ఏడుస్తలేడు గని, నెత్తి రుమాలు తీసి మోకాళ్ల నడుమ పట్టుకున్నడు. గంత పెద్ద మనిషి గట్ల కూసునుడు నేనెప్పుడు చూడలే. నా కోపం ఎటు పోవాల్నో తెల్వక ఆడనే ఆగింది.

అవ్వ కర్ర నేలకు ఆనిచ్చింది. "అట్లయితే నువ్వు సుత సామిని చూడలేదన్నట్టు" అన్నది.

"చూడలే చిన్నవ్వా."

"రెండేండ్ల సంది గిన్ని ముచ్చట్లు చెప్తివి. చూడాలని మస్తు ఉన్నట్టున్నది నీకు."

ఆయన రుమాలు కొసను మల్ల మల్ల మడతవెట్టిండు.

లోపట నుంచి యాదవ్వ గొంతు ఇనవడ్డది. గోడకు ఆనుకొని అన్నీ ఇన్నట్టున్నది. "మీరు పొండ్రి" అన్నది నాతోని. "మా అవ్వ ఉన్నది నా కాడ. మీరుండి చేసేది ఏమున్నది, బయట తిరుగుడే గద. మీ అవ్వను మీరే తీస్కపొండ్రి."

నేను మా అత్త శంకరవ్వ దిక్కు చూసిన. ఆమె తల ఊపింది.

"మరి తొవ్వ?" అన్నడు మొండయ్య మామ. ఇంకా నిలవడే ఉన్నడు.

రాజలింగన్న తల ఎత్తలే. "మద్రాసు టేసన్ దాంక నాకు ఎరుకే మామ" అన్నడు. "ఏ రైలు ఏడ మారాలె, నీళ్లు ఏడ దొరుకుతయి, ఆడోళ్లు ఏడ పండుకోవచ్చు, ఏ దర్వాజ కెల్లి బయటికి పోవాలె, తొమ్మిది దినాలు గదే చూసిన. జట్కాలు ఎడమ దిక్కు ఉంటయి. ఆడి దాంకనైతే తప్పిపోనియ్య. అటెన్క నాకు తెల్వది."

గా మాట ఆయన నోట్లకెల్లి అంతకుముందు నేనెన్నడు ఇనలే. మొండయ్య మామ సుత ఇనలే అనుకుంట. మెల్లగ మల్ల కూసున్నడు.

"అటెన్కది నేను చెప్త" అన్నది అత్త. గడప మీదనే కూసున్నది. "జట్కావానికి ఎగ్మూరు టేసన్ అని చెప్పుండ్రి, వేరే మాట వద్దు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తిరుచినాపల్లి. గుట్ట మీదికి దర్శనమైనంక పొండ్రి, ముందుగాల్నే ఎక్కి కాళ్లు గుంజుకోకుండ్రి. వంతెన దాటితే శ్రీరంగం. మొదటి గోపురం మొండిది, ఎప్పుడో కట్టుడు మొదలువెట్టి ఇడిసిండ్రు. గది చూసి గుడి కాదనుకొని ఎనకకు మర్రకుండ్రి, దాని కిందికెల్లే పోవాలె. మా అత్త కొంగు నా కొంగు ముడేసి తీస్కపోయింది నన్ను. మీ అవ్వ కొంగు నీ ధోతికి ముడేసుకో అల్లుడా, మంది ఎంతున్నా ఇప్పకు."

ఆమె చెప్తుంటే నేను మనసుల పెట్టుకుంటున్న. మొండయ్య మామ ఒక్కొక్క పేరు పెదవులతోని అనుకుంటుండు. అందరికన్న ఎక్కువ ఇంటున్నది రాజలింగన్న. మెడ ముందుకు సాపి, ఒక్క మాట పోనియ్యకుంట.

అత్త ఆగినంక ఆయన జర బెదురుకుంట అడిగిండు.

"అత్తమ్మా, సామి పండుకొని ఉంటడంటివి. కండ్లు మూసుకొని ఉంటడా, తెరిచే ఉంటడా?"

అత్త చెప్పబోయింది. అందరం ఆమె మొఖం చూస్తున్నం, అవ్వ సుత మొఖం అటే తిప్పింది. ఆమె నోరు తెరిచి, మల్ల ఆగింది. కొంగు సదురుకొని లేచింది.

"గది నేను చెప్ప" అన్నది. "పోయి చూడు."