మద్రాసును దారంతో ఆడించిన మునీంద్ర

కరెంటు పోతే నగరి ఊళ్ళో మగ్గాలు ఆగిపోతాయి, మునీంద్ర నోరు మొదలవుతుంది. పవర్‌లూముల చప్పుడులో బతికే ఆ వీధిలో మామూలు మాటే అరుపులా ఉంటుంది. మునీంద్ర ఇంకో మెట్టు పైన మాట్లాడతాడు.

ఆ మధ్యాహ్నం చౌడమ్మ టీ అంగట్లో బల్ల మీద చెంగయ్య, ఆదిమూలం కూర్చున్నారు. ఇద్దరూ మగ్గం మీది నుంచి లేచి వచ్చినవాళ్ళే. వాళ్ళు తేల్చాల్సిందొకటుంది. శనివారం రెండిళ్ళ పిలకాయల్నీ, మొత్తం నలుగుర్ని, మద్రాసు పంపాలా వద్దా? వెంటపోయే పెద్దదిక్కు, వాళ్ళ ఎదురుగా నిలబడి ఉన్న చెంగయ్య బామ్మర్ది మునీంద్ర.

చెంగయ్య కూతురు గీతాంజలి ఇంటర్ చదువుతోంది. ఇంటికి టీ పట్టుకుపోయే నెపంతో ఫ్లాస్కు తెచ్చి గుంజకానుకుని నిలబడింది. పిల్లల్లో పెద్దవాళ్ళకు షాపింగ్ మాలు, చిన్నవాళ్ళకు పాముల పార్కు, సాయంత్రం అందరికీ బీచి అని నలుగురూ కొట్టుకుని, అలిగి, చివరికి కుదుర్చుకున్న ప్లాను అది. మామ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే నాయన సరేనంటాడు. ఆ రెండు ముక్కల దగ్గర ఆగడమే మామకు రాదు.

"పోయినసారి అందర్నీ ఎట్ల తిప్పకొచ్చినావప్పా?" అని మునీంద్రను అడిగాడు ఆదిమూలం.

"ప్లానుండాల అన్నా. పిలకాయలంటే అందురూ ఒకటేనా? పదేళ్ళోడు పామును చూడాలంటాడు, వాడికంటే పెద్దది ఐస్‌క్రీం అంటాది, మీసం మొలిచేవాడు మన పక్కన నడిస్తే పరువు పోతాదని ఎనకాలెక్కడో వస్తాడు. రైల్లోనే రూలు పెట్టేసినా. తప్పిపోయినోడు తప్పిపోయిన చోటే కూర్చోవాల, ఎతికేవాడే రావాల. అంతటితో వదిల్నానా? బావ షెడ్డులోంచి కోనుకు చుట్టిన దారం తెచ్చి నలుగురి చేతులకూ కట్టినా."

"నా షెడ్డులోంచా?" అన్నాడు చెంగయ్య.

"ఒక్క కోనే బావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సెంట్రల్ స్టేషన్ బయట కుర్చీ వేసుకోని కూర్చున్నా. నాలుగు దారాలు నాలుగు వేళ్ళకు. వాళ్ళు ఒక గుంజు గుంజితే ఆకలి, రెండు గుంజితే బాత్రూము. ఒకడు మాలులో, ఒకతి బీచిలో, మగ్గం ముందర కూర్చున్నట్టు ఆడిస్తా ఉండా. ఇంతలో మెట్రో తలుపు మూసుకున్యాది, దారం ఇరుక్కున్యాది, రైలు కదిలినాది. చెప్పన్నా, నువ్వయితే ఏం చేస్తావు?"

"నేను చేసేదేముంది, తెగిపోతాది. నా మగ్గం మీద దోమ వాలితేనే తెగిపోతా ఉండాది ఆ దారం."

"తెగల్యా! కాలు గోడకు తన్నిపెట్టి లాగినా. రైలు ఎనక్కొచ్చినాది! డ్రైవరు తల బయట పెట్టి 'అన్నే, విట్టుడుంగన్నే', వదిలిపెట్టన్నా అని అరవంలో దణ్ణం పెట్టినాడు. సరే పొమ్మని వదిల్నా. మాలులో జనం సంగతి అడగొద్దు బావా, మనిషి మీద మనిషి. నీ కొడుకును ఆ గుంపు మింగేసినాది. పిలకాయల్ని ఎత్తకపోయేవాళ్ళు ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు. దారం గుంజితే నీ కొడుకుతో పాటు వాళ్ళూ వరసగా వచ్చినారు. కట్ట కట్టి పోలీసోళ్ళకు ఇచ్చినా."

చెంగయ్య గ్లాసు కింద పెట్టాడు. గీతాంజలి మామ వైపు కళ్ళెర్రజేసింది. ఆయన చూడలేదు.

"బీచి కాడ అల తాటిచెట్టంత! ఆదిమూలన్నా, నీ కూతుర్ని ఈడ్చకపోయినాది. గుంజినా. పిల్ల ఎనకాలే ఏమొచ్చినాదనుకున్యావు? ఓడ! అది చాలదన్నట్టు ఆ పొద్దే శ్రీహరికోటలో రాకెట్టు లేసినాది. దారం పోయి దాని తోకకు చిక్కుకున్యాది. నీ కొడుకు కాళ్ళు నేల వదిల్నాయి బావా! కోను గిరగిరా తిరగతాది, నేను దారం వదల్తా ఉండా, వదల్తా ఉండా, వాడు తడ ఊరు దాటినాడు, మబ్బు దాటినాడు..."

"ఇంతకీ దించినావా లేదా?" అంది చౌడమ్మ, టీ తిరగబోస్తూ.

"దించకుండా? అన్నం టయానికి దించినా. రాకెట్టును మాత్రం పోనిచ్చినా, దేశం సొమ్ము గదా."

ఆదిమూలం నవ్వుకు చేతిలో టీ ఒలికింది. చెంగయ్య నవ్వలేదు.

"రాకెట్టు అబద్ధం, ఓడ అబద్ధం, తెలుసులే. నువ్వు చెప్పినదాంట్లో పదో వంతన్నా నిజం ఉంటాది గదా. ఆ పదో వంతు చాలు నాకు. అట్లాంటి ఊరికి నా బిడ్డల్ని పంపను. శనివారం లేదు, ఏమీ లేదు."

"నేనుండా గదా బావా!"

"నువ్వున్నప్పుడే గదప్పా ఇదంతా జరిగినాది!"

గీతాంజలికి ఇంట్లో చెప్పనని మామ చేతిలో చెయ్యేసిన ఒట్టు ఒకటుంది. దాన్ని నిలబెడితే ప్రయాణం పోతుంది. తప్పితే ప్రయాణంతో పాటు వీపు కూడా పగలొచ్చు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

"ఆ పదో వంతు కూడా నిజం కాదు నాయనా. మామ మద్రాసే చూడలేదు."

మునీంద్ర నోరు తెరిచాడు. గీతాంజలి ఆగలేదు.

"వడలు తెస్తానని అరక్కోణంలో దిగినాడు. రైలు కదిలిపోయినాది. టికెట్లు నా దగ్గర, ఈయన ఫోను తమ్ముడి చేతిలో. మేం నలుగురమే పోయినాము. పాముల పార్కు చూసినాము, సముద్రం చూసినాము. ఎవురూ మమ్మల్ని మింగలేదు. తిరిగొస్తా అరక్కోణంలో తొంగిచూస్తే మామ అదే బెంచీ మీద ఉండాడు, వడల పొట్లం ఒళ్ళో పెట్టుకోని. ఎక్కించుకోని వచ్చినాము."

"పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడనే కూర్చున్యావంట్రా?" అంది చౌడమ్మ. "ఇంకో రైలెక్కి పోకూడదా?"

"తప్పిపోయినోడు తప్పిపోయిన చోటే కూర్చోవాల గదవ్వా," అంది గీతాంజలి. "రూలు."

ఈసారి ఆదిమూలం గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. మునీంద్ర గొంతు సవరించుకున్నాడు.

"అరక్కోణమంటే ఏమనుకున్యారు మీరు? ఆ బెంచీ కాడికి ఎవురెవురొచ్చినారో తెలుసా? ఆ తర్వాత ఏమైందంటే..."

కరెంటొచ్చింది. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు మగ్గాలు దడదడమన్నాయి. మునీంద్ర పెదాలు ఆడుతూనే ఉన్నాయి, మాట మాత్రం ఎవరికీ చేరలేదు.

చెంగయ్య లేచి కూతురి చెవి దగ్గరికి వంగాడు. "దాచిపెట్టినందుకు నీతో పనుండాది. అది ఆదివారం, మీరు తిరిగొచ్చినాక."

తర్వాత, మగ్గం మీద తెగిన దారం అతకడానికి భుజాన వేసుకున్న పోగులు లాగి, రెండు పేటలు కలిపి పెనవేశాడు. ఒక కొస బామ్మర్ది మణికట్టుకు ముడివేశాడు. అది నేతగాడి ముడి, గుంజేకొద్దీ బిగుస్తుంది. రెండో కొస గీతాంజలి చేతిలో పెట్టి, మగ్గాల చప్పుడును మించి అరిచాడు.

"అరక్కోణం దాటేదాకా ముడి ఇప్పొద్దు!"