హసీనా తొట్టిలో పూలు

ప్రొద్దుటూరు, మోడంపల్లె. శుక్రవారం మధ్యాహ్నం. దర్జీ కలీం ఇంటి ముందుగదిలో, ఉప్పునీళ్ళ చేపల తొట్టి దగ్గర కలీం, పక్కింటి గోవిందమ్మ.

“మోటారు ఆపినావా పెద్దమ్మా?”

“ఆపినా.”

“రెండూ?”

“రెండూ ఆపినా అంటి గదప్పా. ఫ్యాను గూడా ఆపమంటావా?”

“ఫ్యానెందుకు? నీళ్ళు కదలగూడదు, అంతే. కదిలితే సున్నం చెదిరి కోరల్స్ మీద, అదే ఆ పగడాల మీద పడుతుంది. వాటిని అమ్మిన మద్రాసు ఆయన మరీ మరీ చెప్పినాడు. ఏదీ, సిరంజి ఇట్లియ్యి.”

“ఇదో, సూది పీకేసినా. నా వక్కాకు సంచిలో ఉండే సున్నమంతా ఊడ్చి పోసినా దీంట్లో. ఈ పొద్దంతా నేను వక్కాకు లేకుండా ఉండాల్సిందే, నీ పుణ్యమా అని.”

“నా పుణ్యమా? ఇది పువ్వప్పా, పిలకలు తుంచి నాటుకో అని చెప్పిందెవరు?”

“చామంతికైతే అట్లనే జేస్తారు మళ్ళ! పులివెందుల నుంచి మా చెల్లెలు ఒక్క పిలక తెచ్చిచ్చె. ఇప్పుడు నా మిద్దె మీద చూడుపో, కాలు పెట్టేకి సందు లేదు.”

“ఈడా అట్లనే అయింది. కాలు పెట్టేకి సందు లేదు. అదే గదా నా ఏడుపు.”

“ఇది మొక్క గాదని నాకేం తెలుసు? కాడ ఉండె, రేకులుండె. గాలికి ఊగినట్టు ఊగుతాండె. నువ్వే గదా, పెద్దమ్మా రా రా, హసీనా తొట్లో పువ్వు పూసిందని పిలిచి చూపిస్తివి, నోరంతా తెరుచుకోని.”

“అప్పుడు ఒక్కటే ఉండె. ఆ రాతి మూలన, ఇంత. దాన్ని ముక్కలు ముక్కలు కోసి, ఒక్కో ముక్క తీసి రాళ్ళ సందుల్లో దోపి...”

“కోసిన కత్తెర నాది గాదు. దర్జీవి నువ్వు.”

“సరే లే. టార్చి పట్టుకో.”

“కువైటులో ఉండే నీ పెండ్లాం చూస్తే సంతోషపడతాదని నువ్వే అంటివి గూడా.”

“పట్టుకో పెద్దమ్మా టార్చి! ఈ పక్కకు. ఇదో, దీని నోటి మీద... మెల్లగా... చూడు చూడు, ముడుచుకుంటాంది.”

“అయ్యో. సున్నాన్ని మింగిందప్పా పాపం. ఏదో మేత అనుకునిందేమో.”

“దీనికేం పాపం? అది కలుపంట. ప్రాణముండే కలుపు. కోస్తే ముక్కకొకటి లేస్తుందంట, నోట్లో సున్నం పోస్తేనే చస్తుందంట. ఆ పచ్చ కోరల్‌ను చూడు, గొడుగు మాదిరి ఇప్పుకోని ఉండేది. ఈ రాకాసివి చుట్టూ జేరి కుట్టి కుట్టి పెడితే మూసుకోని పడుండాది. రెండు రోజులాయె తెరవక.”

“అదీ ప్రాణమే, ఇదీ ప్రాణమే అంటాండా. నువ్వు కానీ.”

“ఇంకొకటి. ఆ వెనక. వెలుతురు చూపియ్యి.”

“ఆపుకో ఇంక. ఒక పూటకు మూడో నాలుగో చాలు, సున్నం ఎక్కువైతే చేపలు గూడా చస్తాయని నువ్వే చెప్తివి.”

“ఇంకొక్కటి!”

“ఏమంత ఉరుకు నీకు? జమ్మలమడుగు పెండ్లోళ్ళ జాకెట్లు మిషను మీద అట్లే పడుండాయి. పొద్దున్నుంచి వాళ్ళ పిల్లోడు రెండుసార్లు వచ్చిపాయ. వాటికి లేని ఉరుకు దీనికేంది?”

“ఏమి ఉరుకా? ఇప్పుడు ఫోన్ చేస్తాది పెద్దమ్మా! ఆ కువైటు మేడంకు ఈ పొద్దు మాట చెప్పల్లంట. ఉంటాదో, వచ్చేస్తాదో. తొట్టి చూపించు, కోరల్స్ బాగుంటే వచ్చేస్తా, వాటిని పెంచి అమ్ముకుంటా ఈడ్నే షాపు పెడతా అనింది. బాగలేకపోతే ఏం జూసుకోని వస్తాది? ఇంకో రెండేండ్లు ఆడ్నే.”

“వంటపనికి పోయిన పిల్ల. ఆ ఇంట్లో గోడంత తొట్టి ఉంటే దాన్ని చూసి చూసి పనంతా నేర్చుకునింది. నువ్వేమో ఈ పెట్టెను చూసుకోలేకపోతివి.”

“అను. ఇంకా అను.”

“అనక? ఆమెకు చెప్పినావా, పూల సంగతి?”

“నెట్ సరిగ్గా రావడంలే.”

“రోజూ మాట్లాడుతాండావు గదప్పా! నా మిద్దె మీదికి వినపడుతుంది. తింటివా, తింటి, పండుకుంటివా...”

“మాట్లాడ్తా. తొట్టి చూపించమంటే మాత్రం... బల్బు పోయిందన్యా.”

“పోయిందా?”

“నేనే పీకినా.”

“ఓర్నీ!”

“ఏం జేయల్ల మళ్ళ? నాలుగేండ్లు పెద్దమ్మా. మధ్యలో ఒక్క తూరి వచ్చె. వచ్చిన దినాలన్నీ ఈ తొట్టి పెట్టేకే సరిపాయ. ఉప్పు కలిపేది, కొలిచేది, మళ్ళ కలిపేది. పోయేటప్పుడు గూడా నా పక్క చూల్లేదు, చేపల పక్కే చూస్తాండె. అందుకే పూలు ఎక్కువైతే సంతోషపడతాదని...”

“సర్లే. మొగోడివి, కండ్లు తుడుచుకో. బల్బు పెట్టినావా?”

“పెట్టినా. అదో, ఫోను! పెద్దమ్మా, ఆమెనే. ఆ పచ్చది ఉండే పక్క ఎట్ల? ఆడంతా అవే ఉండాయి!”

“నన్నడిగితే?”

“నువ్వు ఆడ నిలబడు. కొంగు బాగా పరుచుకోని నిలబడు. నేను ఈ పక్క చూపిస్తా. ఈ పక్క బాగుండాది.”

“నీ అబద్ధానికి నన్ను తలుపు జేస్తాండావు గదరా.”

“నీకు దండం పెడతా, జరుగు! హలో... హసీనా! కనపడ్తాండానా? పెద్దమ్మ గూడా ఉండాది. తెలుగులోనే మాట్లాడు, ఉర్దూలో అయితే తన్ను తిట్టుకుంటాండామనుకుంటాది.”

“పెద్దమ్మా, బాగుండావా? నీ నడుము నొప్పి ఎట్లుంది?”

“తగ్గింది పాపా. ఎంతసేపైనా నిలబడతా.”

“ఆ మూలన ఎందుకు నిలబడుకున్యావు? కుర్చీ ఉండాది గదా.”

“వద్దులేమ్మా. ఈడ చల్లగా ఉండాది.”

“ఏమయ్యా, పెద్దమ్మను కూర్చోబెట్టకూడదా? సరే, తొట్టి చూపియ్యి బిన్నె, తొందరగా. మేడం పక్క రూములోనే ఉండాది.”

“ఇదో చూడు. నీ నారింజ చేపలు రెండూ. నీ గొంతు విని వస్తాండాయి చూడు.”

“అల్లా! ఎంత లావైనాయి. ఊదా కోరల్ ఏదీ?”

“ఇదో. నువ్వు పెట్టినప్పుడు వేలంత. ఇప్పుడు నా అరచెయ్యి పెట్టి చూపిస్తా ఉండు. చూసినావా?”

“చూసినా. పచ్చదో?”

“పచ్చదా... పెద్దమ్మ వెనకాల ఉండాది. బాగుంది. పొద్దున మేత వేసినా. తిని ముడుచుకునింది.”

“అవును పాపా, బాగా తినింది.”



“హసీనా? ఉండావా? ఏందీ, ఏడుస్తాండావా?”

“లేదు. నీతో కాదనుకుంటి. జాకెట్లు కుట్టేటోనికి ఇదంతా ఎట్ల తెలుస్తాది, అన్నీ చంపేసి ఉంటాడు, నాకు చెప్పేకి భయపడి బల్బు పోయిందంటాండాడు అనుకుంటి. నిద్ర పట్టలేదు నాకు.”

“ఎందుకట్ల అనుకున్యావు? నేను చూసుకోనా?”

“చూసుకున్యావు. కండ్లతో చూసినా గదా. ఎంత దిగులు దిగిపోయిందో నాకు.”

“ఇంకేం మళ్ళ! పో, మేడంకు చెప్పిరా పో. వచ్చేస్తాండా అని.”

“అదే చెప్తాండా విను. మేడం పొద్దున మళ్ళ బతిమాలింది. ఇంకో రెండేండ్లు ఉండు, జీతం పెంచుతా అనింది. నేను ఏమీ చెప్పలేదు. తొట్టి చూసి చెప్దామనుకుంటి.”

“బాగుంటే వస్తానంటివి గదా!”

“అన్యా. నేను లేకపోతే ఎక్కువ దినాలు బతకదు, వచ్చి కాపాడుకోవల్లనుకోని అన్యా. నువ్వే ఇంత బాగా చూసుకుంటాండావు గదా. ఇద్దరం ఒక్క తొట్టి ముందర కూర్చోని ఏం జేస్తాం? నేను ఈ రెండేండ్లు ఉంటే వరసగా నాలుగు తొట్లు పెట్టుకోవచ్చు. బజారులో పెద్ద షాపే పెట్టుకోవచ్చు. ఏం పెద్దమ్మా, నువ్వు చెప్పు, కాదా?”

“నేనేం చెప్తానమ్మా. నేను ఊరికే నిలబడుకోనుండా.”

“హసీనా, మాట విను...”

“నువ్వుండావు గదా ఆడ. నాకింకేం భయం? సరే, మేడం పిలుస్తాంది. పోయి ఉంటానని చెప్పేసి...”

“పోవద్దు!”

“ఏందయ్యా?”

“పోవద్దు. ఆగు. ఒక్క నిమిషం ఆగు, చెప్పొద్దు ఆమెకు.”

“ఎందుకు చెప్పొద్దు? ఏమైంది మీకు? పెద్దమ్మా?”

“పెద్దమ్మా...”

“ఏందప్పా?”

“నువ్వు కొంచెం పక్కకు జరుగు.”